ఘాట్ ఎక్కే ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూసుకోండి

సంపాదకులు గారికి,

నమస్కారం. "బ్రేకులు ఫెయిలై కారు లోయలో పడింది", "బ్రేకులు ఫెయిలై చెట్టును ఢీకొంది" అని మీ పేపర్లో తరచూ చదువుతుంటాను. ఆ రెండు మాటలతో సంగతి అయిపోతుంది. బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయో మర్నాటి పేపర్లో ఉండదు, ఆ తర్వాత కూడా ఉండదు. మొన్న జనవరిలో అలాంటి వార్తే మా ఇంటి పేరుతో వచ్చుండేది, కొద్దిలో తప్పిపోయింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, మొత్తం వేయడానికి చోటు లేకపోతే బ్రేక్ ఆయిల్ గురించి రాసిన భాగమైనా వేయండి.

పండగ వెళ్ళిన రెండు రోజులకి మా ఆవిడ, మా చెల్లెలు, బావగారు, మనవడు, నేను ఐదుగురం విశాఖ నుంచి అరకు వెళ్ళాం. కారు 2019 చివర్లో కొన్నాను, పెట్రోలు బండి, యాభై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. తిరుగు ప్రయాణంలో సుంకరిమెట్ట దాటి గాలికొండ దాకా ఎక్కి, అక్కణ్ణుంచి దిగుడు మొదలైంది. బండి నిండా మనుషులు, ముందు ఒక టూరిస్టు బస్సు, దాన్ని దాటే వీలు లేదు, కాబట్టి నా కాలు బ్రేకు మీద నుంచి కదల్లేదు. మూడో గేరులోనే దిగాను. రెండో గేరు వేసి ఇంజను పట్టు మీద దిగాల్సింది, అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. డముకు వ్యూ పాయింట్ దగ్గర టీ కోసం ఆగాం. కారు దిగగానే మనవడు "తాతా, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అన్నాడు. ఘాట్‌లో అంతేలే నాన్నా అన్నాను. టీ తాగి, పావుగంటలో బయల్దేరాం.

మొదటి మలుపు ముందు బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా, తడిసిన స్పాంజిని తొక్కినట్టు, కిందికి దిగిపోయి కాలికింద మ్యాట్‌కి తగిలింది. బండి వేగం ఏమాత్రం తగ్గలేదు. ఆ క్షణంలో ఏం చేశానో ఇప్పుడు వరసగా చెప్పగలను గానీ అప్పుడు అంతా కలగాపులగం. గబగబా నాలుగైదుసార్లు తొక్కి వదిలాను, చివర్లో కొంచెం పట్టు దొరికింది, రెండో గేరు, వెంటనే మొదటి గేరు వేశాను, ఇంజను గట్టిగా అరిచింది, హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగకుండా కొద్దికొద్దిగా ఎత్తాను, ఎడమ పక్క మట్టిగట్టుకి బండిని రాసుకుంటూ ఆపాను. ఎడమ అద్దం విరిగింది, తలుపు గీసుకుపోయింది. అక్కడ ఎడమ పక్క కొండ ఉంది. తర్వాతి మలుపులో ఎడమ పక్క లోయ.

మమ్మల్ని చూసి అక్కడి జీపు డ్రైవరు ఒకాయన ఆగాడు. నన్ను బానెట్ తీయమన్నాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత విప్పి, తెల్ల కాగితం ముక్కను సన్నగా మడిచి అందులో ముంచి తీశాడు. డికాషన్ రంగు. "బాబూ, దీన్ని ఎప్పుడు మార్చారు?" అన్నాడు. ప్రతి ఏడాదీ సర్వీసు చేయిస్తున్నానయ్యా అన్నాను. "సర్వీసు సరే బాబూ, దీన్ని మార్చారా?" అన్నాడు మళ్ళీ. నా దగ్గర జవాబు లేదు. "ఓ గంట ఆగండి, చల్లారితే బ్రేకు తిరిగొస్తాది" అని చెప్పి మా వాళ్ళందరినీ తన జీపులో ఎక్కించుకుని ఎస్.కోటలో దింపాడు. ఆయన చెప్పినట్టే గంటకి పెడల్ గట్టిపడింది, పొద్దున్న ఎలా ఉందో అలాగే. నేనొక్కణ్ణీ మొదటి గేరులో పాక్కుంటూ దిగాను. ఆలోచిస్తే అదీ చేయకూడదు, బండి అక్కడే వదిలేసి లాక్కెళ్ళే వాళ్ళని పిలిపించాల్సింది. మీకెవరికైనా ఇలా జరిగితే నాలా దిగకండి.

మర్నాడు మేము ఎప్పుడూ సర్వీసు చేయించే చోటికి తీసుకెళ్ళాం. ఒక రౌండు తిప్పి తెచ్చి, "ప్యాడ్లు ఇంకా సగం ఉన్నాయి సార్, బ్రేకు బాగుంది, ఏ ఫాల్టూ లేదు" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఆ టైముకి నిజంగానే బాగుంది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. బాగా వేడెక్కినప్పుడు పోయే బ్రేకు, చల్లారాక చూసేవాడికి ఏమీ చూపించదు.

ఎందుకిలా జరుగుతుందో చెప్తాను. నేను గవర్నమెంటు హైస్కూల్లో 31 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. పాస్కల్ సూత్రం చెప్పేటప్పుడు పిల్లలకి రెండు సిరంజిలు ఇచ్చేవాణ్ణి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో గాలి, మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కమనేవాణ్ణి. నీళ్ళ సిరంజి కదలదు, గాలి సిరంజి సగం దాకా నొక్కుకుపోతుంది. కారు బ్రేకు సరిగ్గా ఆ నీళ్ళ సిరంజే. మన కాలి బలాన్ని పెడల్ నుంచి, అది నొక్కే సిరంజిలాంటి మాస్టర్ సిలిండర్‌కి, అక్కణ్ణుంచి సన్నటి గొట్టాల్లో నాలుగు చక్రాలకి మోసుకెళ్ళేది ఆ కాస్త ద్రవమే, మొత్తం కలిపినా మామూలు కారులో లీటరుకి లోపే. అందులో ఎక్కడైనా ఆవిరి బుడగ పుట్టిందా, అది గాలి సిరంజి అయిపోతుంది. మన బలమంతా ఆ బుడగను నొక్కడానికే ఖర్చవుతుంది, చక్రానికి ఏమీ చేరదు.

మరి బుడగ ఎందుకు పుడుతుంది? మనం బ్రేక్ ఆయిల్ అని పిలుస్తున్నాం గానీ అది నూనె కాదు. ఎక్కువ కార్లలో పోసేది గ్లైకాల్ రకం ద్రవం, దానికి నీళ్ళంటే చాలా ఇష్టం. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత పెట్టకపోతే ఎలా చెమ్మగిల్లిపోతుందో, ఇదీ అలాగే గాలిలో తేమను లాక్కుంటుంది. మూత గట్టిగానే ఉంది కదా అంటారు. మూతకి గాలి ఆడే సన్నటి దారి ఉంటుంది, చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా ఏళ్ళ తరబడి తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. బండి తిప్పినా, షెడ్డులో పెట్టి తాళం వేసినా ఆ పని ఆగదు. "మా కారు పెద్దగా తిరగలేదండీ" అనే వాళ్ళంతా, నేను కూడా, పొరబడేది ఇక్కడే. ఇంజనాయిల్‌కి కిలోమీటర్ల లెక్క ముఖ్యం, దీనికి క్యాలెండరు లెక్క ముఖ్యం. మా విశాఖలాంటి ఊళ్ళో, బట్టలే సరిగ్గా ఆరని తేమలో, ఇంకా ముఖ్యం.

నీళ్ళు పీల్చని ద్రవం వాడొచ్చు కదా అని మా బావగారు అడిగారు. మంచి ప్రశ్నే. సిలికాన్‌తో చేసిన డాట్ 5 అని ఒకటి ఉంది (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకాన్ని చెప్పే ప్రమాణం గుర్తు), అది నీటిని కలుపుకోదు. కానీ లోపలికి చేరిన నీరు కలవకపోతే చుక్కలుగా ఒకచోట నిలబడుతుంది, ఆ చుక్క వంద డిగ్రీలకే మరుగుతుంది, నిలబడిన చోట తుప్పు పట్టిస్తుంది. అందుకే మన కార్లకి గ్లైకాల్ రకమే ఇస్తారు, నీటిని తనలో కలుపుకుని పంచుకుంటుంది, బదులుగా దాన్ని వేళకి మార్చమంటుంది. డాట్ 5, డాట్ 5.1 పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ ఒకదాంట్లో ఒకటి కలపకూడదు, 5.1 గ్లైకాల్ రకమే.

అంకెలు కూడా చెప్తాను. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, అదే డాట్ 4 అయితే 230. అందులో 3.7 శాతం నీరు చేరాక కొలిస్తే డాట్ 3కి కనీస హద్దు 140కి, డాట్ 4కి 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి దిగితే, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, అంటే డిస్కు, కొన్ని వందల డిగ్రీలకి వేడెక్కుతుంది. ఆ వేడి డిస్కుని పట్టి ఆపే ప్యాడ్ల ద్వారా, వాటిని డిస్కుకి అదిమే కాలిపర్‌లో ఉన్న ద్రవానికి పాకుతుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ గాలి తగిలి కొంత చల్లారుతుంది, మనం టీకి ఆగామంటే ఆ గాలి ఆగిపోతుంది, డిస్కులో ఉన్న వేడంతా నిదానంగా కాలిపర్‌లోకి దిగుతుంది. మాకు సరిగ్గా జరిగింది అదే. దిగుతున్నప్పుడు పట్టిన బ్రేకు, ఆగి బయల్దేరాక పోయింది. కాబట్టి కాలిన వాసన వస్తే ఆగడం మంచిదే, కానీ పావుగంట చాలదు, బాగా చల్లారనివ్వాలి, కదిలే ముందు పెడల్ రెండుసార్లు తొక్కి చూసుకోవాలి. ఇంకో సంగతి, పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్లు వేడెక్కి పట్టు వదలడం. పెడల్ మెత్తబడి దిగిపోతే ద్రవంలో ఆవిరో గాలో చేరినట్టు, లేదంటే లీకు. బస్సులవీ లారీలవీ గాలి బ్రేకులు, వాటి కథ వేరు, నేను చెప్పేది కార్ల గురించే.

ఇంటికొచ్చాక పాత సర్వీసు బిల్లులన్నీ తీసి మంచం మీద పరిచాను. ఆరు బిల్లులు. అన్నింట్లోనూ బ్రేక్ ఆయిల్ పక్కన "చెక్ చేశాం, ఓకే" అని టిక్కు, రెండింట్లో "టాప్ అప్". మార్చినట్టు ఒక్కదాంట్లో లేదు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో చూస్తే రెండేళ్ళకోసారి మార్చాలని పట్టికలో స్పష్టంగా ఉంది, అంటే ఈపాటికి మూడుసార్లు మారాల్సింది. చాలా కంపెనీల పుస్తకాల్లో రెండేళ్ళు అనో, ఇన్ని కిలోమీటర్లు అనో, ఏది ముందైతే అది అని ఉంటుంది. అవే బిల్లుల్లో ఏసీ సువాసన స్ప్రే ఉంది, పాలిష్ ఉంది, ఇంజను డీకార్బనైజింగ్ ఉంది. నేను అడగనివి అన్నీ చేశారు, కంపెనీ పుస్తకం అడిగింది చేయలేదు. నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

ఈ "చెక్ చేశాం, ఓకే" అంటే ఏమిటి? డబ్బా మీద పై గీతకీ కింది గీతకీ మధ్య ఉందా లేదా చూడటం, అంతే. లెవెల్ చూస్తే అందులో ఎంత నీరు చేరిందో తెలియదు. టాప్ అప్ అనేది ఇంకా మోసం. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతాయి, వాటి వెనక ఖాళీని నింపడానికి డబ్బాలో లెవెల్ తగ్గుతుంది, అది ప్యాడ్లు చూడమని బండి మనకి చెప్పే మాట. లేదా ఎక్కడో లీకుంది. కారణం చూడకుండా పైన కాస్త పోసేస్తే ఆ మాట మనకి వినపడకుండా నోరు నొక్కినట్టే. పాత నీళ్ళ ద్రవం మీద పావు గ్లాసు కొత్తది పోసినంత మాత్రాన చక్రాల దగ్గర ఉన్నది మారదు కూడా, వేడెక్కేది అక్కడున్నదే.

చివరికి మా వీధి చివర షెడ్డులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మెకానిక్ దగ్గరికెళ్ళాను. "మాస్టారూ, ఇవాళ అవ్వదు, నిప్పళ్ళు తుప్పు పట్టేశాయి, బలవంతం చేస్తే విరుగుతాయి" అని నాలుగు చక్రాల దగ్గరా ఆ నిప్పళ్ళకి, అంటే పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న మరలకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేశాడు. సముద్రపు గాలికి ఇది మామూలేనట. మర్నాడు పొద్దున్న ముందుగా సిరంజితో డబ్బాలోని పాతదంతా లాగేసి, గుడ్డతో తుడిచి, సీలు విప్పని డాట్ 4 డబ్బా నా ముందే తెరిచి పోశాడు. మా బండికి మూత మీదే డాట్ 4 అని రాసుంది, దాన్నే వాడాలి. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టాడు. పాత బండిలో పెడల్‌ని ఎప్పుడూ వెళ్ళనంత లోతుకి తొక్కితే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు లోపలి తుప్పుకి రాసుకుని చెడిపోతాయని.

మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్నది వెనక ఎడమ చక్రం, అక్కడ మొదలుపెట్టాడు. (కొన్ని బండ్లకి వరస వేరేగా ఉంటుంది, ఆ బండి పుస్తకం చూడాలి.) నిప్పల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస ఖాళీ నీళ్ళ సీసాలో కాస్త కొత్త ఆయిల్ పోసి అందులో ముంచాడు, గాలి వెనక్కి పీల్చుకోకుండా. "తొక్కి పట్టండి" అంటాడు, నేను తొక్కి పడతాను, పానాతో నిప్పల్ పావు చుట్టు విప్పుతాడు, పెడల్ కిందికి జారుతుంది, నిప్పల్ బిగించి "వదలండి" అంటాడు. బిగించాకే వదలాలి, ముందే వదిలితే గాలి లోపలికి పోతుంది. తొక్కి పట్టండి, వదలండి, తొక్కి పట్టండి, వదలండి, ఒక్కో చక్రానికి పదిహేను ఇరవై సార్లు. మధ్యలో మా అబ్బాయి డబ్బాలో పోస్తూనే ఉన్నాడు, అది ఖాళీ అయిందంటే గాలి పోయి పని మళ్ళీ మొదటికొస్తుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో గాలి ఆ యూనిట్ దాకా పోతే కంప్యూటరు పెట్టి తీయాల్సి రావొచ్చు.

దిగి వెళ్ళి సీసా చూశాను. గొట్టంలో మొదట వచ్చింది నల్లటి బురదలాంటిది, తర్వాత డికాషన్ రంగు, తర్వాత లేత టీ, చివరికి పల్చటి తేనె రంగులో తేటగా. ఆ రంగు మారడం కళ్ళారా చూడటం కంటే పెద్ద రసీదు లేదు. చివరిదైన ముందు వైపు కుడి చక్రం పూర్తయ్యేసరికి గంటన్నర, దాదాపు లీటరు పట్టింది. నిప్పళ్ళ మీద రబ్బరు టోపీలు కొత్తవి పెట్టాడు, ఫెండర్ మీద రెండు చుక్కలు పడితే పరిగెత్తి నీళ్ళు పోశాడు, పెయింటును తినేస్తుందని. ఆయిల్‌కీ మజూరీకీ కలిపి అయిన ఖర్చు, మా కారు ఎడమ అద్దం మార్చిన దానికంటే తక్కువ.

ఇది చదివి అందరూ ఇంటి దగ్గర పానా పట్టుకోమని నేను చెప్పను. తెలియకపోతే అస్సలు ముట్టుకోకండి. ముఖ్యంగా ఆ డబ్బాలో ఇంజనాయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో కొంచెం కూడా పోయకండి, పెట్రోలియం నూనె తగిలితే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోయి మొత్తం బ్రేకు వ్యవస్థే మార్చాల్సి వస్తుంది. ఇంట్లో ఏడాది కిందట సీలు విప్పి పెట్టిన సగం డబ్బా కూడా పనికిరాదు, అది ఈపాటికే నీళ్ళు తాగేసి ఉంటుంది. చేయగలిగిన వాళ్ళ చేత చేయించండి, పక్కన నిలబడి చూడండి, బిల్లులో "మార్చాం" అని తేదీతో రాయించుకోండి. ఏబీఎస్ ఉన్న బండ్లకి ఇది ఇంకో రకంగా కూడా అవసరం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, ఆ యూనిట్ లోపల చాలా సన్నటి వాల్వులుంటాయి, తేమ వల్ల పట్టిన తుప్పు వాటిని పాడు చేస్తే ఖర్చు వేలల్లో ఉండదు, పదుల వేలల్లో ఉంటుంది. మోటారు సైకిళ్ళ వాళ్ళు కూడా హ్యాండిల్ మీద డిస్క్ బ్రేకు డబ్బాకి ఉండే చిన్న అద్దంలోకి ఒకసారి చూడండి, లోపల నల్లగా ఉంటే దాని వయసు అయిపోయింది.

ఇక అధికారులకి ఒక మాట. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత రెన్యువల్‌కి వెళ్ళినప్పుడే ఫిట్‌నెస్ చూస్తారు. పొగ సర్టిఫికెట్ లేకపోతే రోడ్డు మీద ఆపి చలానా రాస్తారు, మంచిదే, కానీ ఆ 15 ఏళ్ళలో బ్రేకులు ఎలా ఉన్నాయని ఒక్కరూ అడగరు. పొగ పరీక్షకి ఎలాగూ బండి తీసుకెళ్తాం కదా, అక్కడే బ్రేక్ ఆయిల్‌లో నీటి శాతం చూసే పెన్నులాంటి పరికరం ఒకటి పెట్టించొచ్చు. అది ల్యాబులో చేసే పరీక్షంత కచ్చితంగా ఉండదని నాకు తెలుసు, అయినా ఎర్ర లైటు వెలిగితే బండి యజమాని ఆరోజైనా మెకానిక్ దగ్గరికి వెళ్తాడు. అరకు, పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం, తిరుమల ఘాట్లలో దిగేవైపు మొదట్లో "రెండో గేరులో దిగండి, న్యూట్రల్ వేయకండి" అని పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు ఎంత కనపడితే అంత మేలు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే వాళ్ళని ఆరోజు కూడా చూశాను.

మీకు కూడా ఒక విన్నపం. కార్తీకమాసం పిక్నిక్కులకీ, డిసెంబరులో లంబసింగి మంచు చూడటానికీ జనం కొండ ఎక్కే ముందు వారం, మీ జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు వేయండి, "మీ కారు బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటిందా" అని. ఈసారి మీ విలేకరి ఎవరైనా "బ్రేకులు ఫెయిలై" అని రాసి పంపితే, ఆ బండి బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు అడిగి కనుక్కోమని చెప్పండి. మా బండిది మాత్రం బానెట్ లోపల తెల్ల స్టిక్కరు మీద తేదీ రాసి అంటించాం, రాసింది మా మనవడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచరు,
విశాఖపట్నం